షెఫ్ మెంటూర్ రోడ్డు మీది బడి

అట్లాంటా నుంచి న్యూ ఆర్లీన్స్‌కి విమానమైతే గంటన్నర. రైలైతే పగలంతా పడుతుంది. న్యూయార్క్‌లో బయల్దేరిన క్రెసెంట్ రైలు పొద్దున అట్లాంటాలో ఆగి, అలబామా, మిసిసిపీ రాష్ట్రాల పైన్ అడవుల్లోంచి మెల్లగా సాగి, పొద్దు వాలే వేళకు న్యూ ఆర్లీన్స్ చేరుతుంది. "అంతసేపు కూర్చోలేవమ్మా, నడుం పట్టేస్తుంది" అంది మా అమ్మాయి. నాకు మాత్రం నేల మీద నుంచే వెళ్లాలనుంది. 2023 మార్చిలో ఇద్దరు హైస్కూలు పిల్లలు న్యూ ఆర్లీన్స్ నుంచి అట్లాంటా వచ్చారు. జార్జియా టెక్‌లో జరిగిన అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ప్రొఫెసర్ల ముందు నిలబడి పైథాగరస్ సిద్ధాంతానికి కొత్త నిరూపణ చెప్పి వెళ్లారు. ఆ ఊరికీ ఈ ఊరికీ మధ్య ఏముందో కిటికీలోంచి చూసుకుంటూ వెళ్దామనిపించింది. వసంతం సెలవులు కావడంతో పదో తరగతి చదివే మనవరాలు కూడా నాతో బయల్దేరింది.

ఆ పిల్లల పేర్లు కాల్సియా జాన్సన్, నెకియా జాక్సన్. వాళ్ల బడి సెయింట్ మేరీస్ అకాడమీ. నల్లజాతి సిస్టర్లు నల్లజాతి ఆడపిల్లల కోసం 1867లో పెట్టిన క్యాథలిక్ బడి అది. నేను తెనాలి చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పదవీ విరమణ దాకా పదో తరగతికి లెక్కలు చెప్పినదాన్ని. లంబకోణ త్రిభుజం గీసి, లంబకోణం ఉన్న మూల నుంచి కర్ణం మీదికి లంబం దించి, సరూప త్రిభుజాలు చూపించి, "కాబట్టి భుజాల వర్గాల మొత్తం కర్ణం వర్గానికి సమానం" అని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో చెప్పలేను. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న అని పిల్లలు దాన్ని కంఠతా పట్టేవాళ్లు. నేనూ పట్టించేదాన్ని. అదే సిద్ధాంతానికి మీరొక కొత్త నిరూపణ తెండి అని ఒక టీచరు అడిగిందని, ఇద్దరు పిల్లలు తెచ్చారని పేపర్లో చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

జరిగింది ఇదీ. 2022 డిసెంబరులో సెయింట్ మేరీస్‌లో లెక్కల పోటీ పెట్టారు. ప్రశ్నపత్రం చివర ఒక బోనస్ ప్రశ్న ఉంది: పైథాగరస్ సిద్ధాంతాన్ని కొత్తగా నిరూపించండి. బహుమతి 500 డాలర్లు. ప్రశ్న ఇచ్చింది ఆ బడి టీచరే. పిల్లల చొరవ చూద్దామనుకుందే గాని ఎవరైనా నిజంగా సాధిస్తారని ఆమె అనుకోలేదట. కాల్సియా, నెకియా ఎవరికి వారు దాని మీద కూర్చున్నారు. క్రిస్మస్ సెలవులన్నీ దానికే పోయాయి. రాయడం, తప్పని తేలగానే కాగితం నలిపి బుట్టలో వేయడం, మళ్లీ రాయడం. ఇంట్లో చెత్తబుట్ట కాగితాలతో నిండిపోయేదని కాల్సియా తండ్రి ఆ తర్వాత టీవీలో చెప్పాడు. నెల రోజుల తర్వాత ఇద్దరూ విడివిడిగా తమ జవాబులు ఇచ్చారు. బడిలో స్వచ్ఛందంగా లెక్కలు చెప్పే ఒకాయన ఆ కాగితాలు చూసి, ఇవి బడి పోటీతో ఆగాల్సినవి కావు, గణిత సదస్సులో చెప్పాల్సినవి అన్నాడు. పిల్లలకు అంత ధైర్యం లేదు. అయినా సరేనన్నారు. అక్కడి నుంచి ఇద్దరూ కలిసి పనిచేశారు.

రైలు అలబామాలోకి వచ్చేసరికి మనవరాలు ఒళ్లో నోటు పుస్తకం తెరిచింది. "అమ్మమ్మా, నువ్వు చెప్పొద్దు. నేనే గీస్తా. తప్పితేనే చెప్పు" అంది. ముందు మామూలు లంబకోణ త్రిభుజం గీసింది. ఒక భుజం పొట్టిది, ఒకటి పొడుగుది. పొడుగు భుజానికి అవతలి వైపు అదే త్రిభుజాన్ని ప్రతిబింబంలా గీసింది. రెండూ కలిసి సమద్విబాహు త్రిభుజం అయింది. కొన దగ్గరి కోణం రెట్టింపయింది. ఇక్కడి దాకా మన పిల్లలెవరైనా గీస్తారు. ఆ తర్వాతి అడుగులోనే ఉంది ఆ ఇద్దరి ఊహ. ఒక పక్కనున్న కర్ణం చివర ఒక లంబ రేఖ నిలబెట్టారు. రెండో పక్కనున్న కర్ణాన్ని పొడిగించారు. ఈ రెండు గీతలూ కలిసేదాకా లాగారు. అడుగున కొత్తగా ఏర్పడిన ఖాళీలో మొదటి త్రిభుజానికి సరూపంగా ఒక చిన్న త్రిభుజం పడుతుంది. దాని కింద మరో దిక్కుకు తిరిగి ఇంకా చిన్నది. దాని కింద ఇంకా చిన్నది. అలా అంతులేకుండా.

"ఐస్‌క్రీం కోన్‌లా ఉంది" అంది మనవరాలు. అలా అన్నది ఆ పిల్లలే. వాఫుల్ కోన్ అని దానికి వాళ్లే పేరు పెట్టుకున్నారు.

అడ్డంగా గళ్లు పడుతూ కొనకు పోయే ఆ బొమ్మలో త్రిభుజాలు లెక్కకు అందవు, కాని వాటి పొడవుల మొత్తం అందుతుంది. పొట్టి భుజాన్ని పొడుగు భుజంతో భాగించి వర్గం చేస్తే వచ్చేదే సామాన్య నిష్పత్తి. అది ఒకటి కన్నా తక్కువ. కాబట్టి అనంత గుణశ్రేఢి మొత్తం కట్టవచ్చు. ఆ మొత్తం ఎలా కట్టాలో మాత్రం నేను చూపించాను. కట్టాక పెద్ద త్రిభుజం భుజాలు తెలిసిపోయాయి. వాటి నుంచి కొన దగ్గరి కోణానికి సైన్ తీస్తే, రెండు భుజాల లబ్ధానికి రెట్టింపును భుజాల వర్గాల మొత్తంతో భాగించినట్టు వచ్చింది. ఇప్పుడు పెద్ద బొమ్మ వదిలేసి మొదటి సమద్విబాహు త్రిభుజానికి రావాలి. అందులో సైన్ సూత్రం వాడి అదే కోణానికి సైన్ తీస్తే, అదే రెట్టింపు లబ్ధాన్ని కర్ణం వర్గంతో భాగించినట్టు వచ్చింది. కోణం ఒకటే, లవం ఒకటే. అలాంటప్పుడు హారాలు వేరెలా అవుతాయి? భుజాల వర్గాల మొత్తం, కర్ణం వర్గం రెండూ ఒకటే.

మనవరాలు పెన్ను కింద పెట్టి "అంతేనా!" అంది. అంతే. రెండు భుజాలూ సమానమైతే ఆ గీతలు ఎప్పటికీ కలవవు కాబట్టి ఆ ఒక్క సందర్భాన్ని విడిగా చూసుకోవాలి. అది చిన్న పని.

ఇందులో ఇంత గొప్పేముంది అని అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి కాస్త ఆగి చెప్పాలి. ఈ సిద్ధాంతానికి నిరూపణలు కొత్తేమీ కాదు. మన బౌధాయనుడు యజ్ఞవేదికల కోసం తాడుతో కొలతలు చెప్పినప్పుడే దీన్ని సూత్రంగా చెప్పాడు. అమెరికా అధ్యక్షుడు కాకముందు గార్‌ఫీల్డ్ కూడా 1876లో ఒక నిరూపణ అచ్చు వేయించాడు. ఎలైషా లూమిస్ అనే గణిత ఉపాధ్యాయుడు వందల నిరూపణలు పోగు చేసి పుస్తకమే వేశాడు. 1927లో వచ్చిన ఆ పుస్తకంలోనే, త్రికోణమితితో దీన్ని నిరూపించడం కుదరదని తేల్చేశాడు. త్రికోణమితి సూత్రాలన్నీ ఈ సిద్ధాంతం మీదే నిలబడ్డాయి, నిరూపించాల్సినదాన్నే ఆధారంగా వాడుకుంటే అది నిరూపణ ఎలా అవుతుంది అన్నది ఆయన వాదన. సైన్ వర్గం, కొసైన్ వర్గం కలిపితే ఒకటి అన్న సూత్రాన్ని తలుచుకుంటే ఆయన మాట నిజమే అనిపిస్తుంది. కాని సైన్ సూత్రానికి పైథాగరస్ అక్కర్లేదు. లంబకోణ త్రిభుజంలో నిష్పత్తిగా సైన్‌ను చూడటం వేరు, వృత్తం మీద తిరిగే బిందువుతో చూడటం వేరు. రెండింటికీ ఒకే పేర్లు పెట్టడం వల్ల పిల్లలు తికమక పడతారని ఈ ఇద్దరూ తమ వ్యాసంలో రాశారు. అది చదివి చాలాసేపు ఆలోచించాను. మన తొమ్మిది, పది తరగతుల పిల్లలు తెల్లమొహం వేసేది సరిగ్గా ఆ మలుపులోనే.

త్రికోణమితితో ఈ పని చేసిన మొదటివాళ్లు వీళ్లు కాదు. 2009లో జేసన్ జింబా వేరే దారిలో ఒక నిరూపణ ఇచ్చాడు. పేపర్లలో "రెండు వేల ఏళ్లలో మొదటిసారి" అని రాసినవాళ్లు ఆ మాట వదిలేశారు. అలా వదలకుండా ఉంటే ఈ పిల్లల ఘనత ఒక్క రవ్వ కూడా తగ్గేది కాదు. అట్లాంటాతో వాళ్లు ఆగలేదు. బడి ముగించి, చెరో ఊళ్లో కాలేజీలో చేరి, గణిత వ్యాసాలు రాసే లాటెక్ నేర్చుకుంటూ, కాలేజీ అసైన్‌మెంట్ల మధ్య సందు చూసుకుని రాస్తూ, 2024 అక్టోబరులో అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీలో వ్యాసం వేయించుకున్నారు. అందులో ఉన్నవి ఐదు కొత్త నిరూపణలు. మరో ఐదింటికి దారి చూపించి, వాటిని పట్టుకునే పని చదివేవాళ్లకు వదిలేశారు.

మెరిడియన్, హాటీస్‌బర్గ్ దాటాయి. స్లైడెల్ తర్వాత రైలు పాంచర్‌ట్రెయిన్ సరస్సు మీదికి ఎక్కింది. వంతెన ఎంత కిందికి ఉంటుందంటే కిటికీలోంచి పట్టాలు కనబడవు, నీళ్లే కనబడతాయి. రెండు పక్కలా గోధుమ రంగు నీళ్లు. 2005లో కట్రీనా తుపానుకు ఊరి మీదికి వచ్చింది ఈ సరస్సు నీళ్లే. కాలువల గట్లు తెగి, ఊళ్లో ఎక్కువ భాగం రోజుల తరబడి మునిగిపోయింది. దివిసీమ ఉప్పెన మాటలు వింటూ పెరిగిన నాకు నీళ్లను చూస్తే అందం కన్నా ముందు మట్టం గుర్తొస్తుంది.

న్యూ ఆర్లీన్స్ మనుషులకు ఒక అలవాటుంది. కొత్తగా పరిచయమైనవాళ్లు "ఏ బడిలో చదివావు?" అని అడుగుతారు. అడిగేది కాలేజీ గురించి కాదు, హైస్కూలు గురించి. మన దగ్గర "ఏ ఊరు, ఎవరి తాలూకు" అన్న ప్రశ్నకు అక్కడ అదే సమానం. ఆ జవాబుతో పేట, మతం, రంగు, ఇంటి స్తోమత అన్నీ తెలిసిపోతాయట. స్టేషను నుంచి మమ్మల్ని తీసుకెళ్లిన క్యాబు డ్రైవరు, నడివయసు నల్లజాతి మనిషి, మేం ఎందుకు వచ్చామో తెలియగానే "నేను సెయింట్ ఆగ్, మా అక్కలు సెయింట్ మేరీస్" అన్నాడు. ఆ రెండు పేర్లు చెప్పేటప్పుడు ఆయన వీపు నిటారుగా అయింది.

సెయింట్ ఆగ్ అంటే సెయింట్ అగస్టీన్ హైస్కూలు. జోసెఫైట్ ఫాదర్లు 1951లో మొదలుపెట్టిన నల్లజాతి మగపిల్లల బడి. దాని బ్యాండు మార్చింగ్ హండ్రెడ్ 1967లో రెక్స్ ఊరేగింపులో నడిచింది. మార్డి గ్రాస్ పండగలో తెల్లవాళ్ల కులీన సంఘం తీసే ఆ ఊరేగింపులో అంతకుముందు నల్లపిల్లల బడి బ్యాండు ఏదీ నడవలేదు. అదే రోజుల్లో తమ జట్లను రాష్ట్ర హైస్కూలు ఆటల సంఘంలో చేర్చుకోవాలని కోర్టుకెక్కి గెలిచింది కూడా ఆ బడే. ఇప్పుడు దేశమంతా పేరున్న సంగీతకారుడు జాన్ బటీస్ట్ చదువుకున్నది అక్కడే. ఈ ఊళ్లో బడి బ్యాండంటే కాలక్షేపం కాదు. పిల్లలు ఎండలో మైళ్ల కొద్దీ బరువైన వాయిద్యాలు మోసుకుంటూ తాళం తప్పకుండా నడవాలి. వాళ్ల ముత్తాతలను నడవనివ్వని వీధుల్లో నడవాలి. దాన్నీ చదువులో భాగంగానే లెక్కపెట్టారు వాళ్లు. సరిగ్గానే లెక్కపెట్టారు.

మర్నాడు పొద్దున ట్రెమే పేటకు వెళ్లాం. సెయింట్ అగస్టీన్ చర్చి అక్కడుంది. 1842లో ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిలో అప్పట్లో కూర్చునే బల్లలను డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి ఉండేది. స్వేచ్ఛ ఉన్న నల్లవాళ్లు పోటీపడి తమకు కొనుక్కోవడమే కాక, పక్క వరసల్లో బానిసలు కూర్చోవడానికి కూడా కొన్నారు. అదే ఏడాది నవంబరులో హెన్రియెట్ డెలీల్, జూలియెట్ గొడాన్ అనే ఇద్దరు ఆడవాళ్లు అక్కడ మోకరిల్లి, బానిసలకూ పేదలకూ ముసలివాళ్లకూ తమ బతుకు ఇచ్చేస్తామని మాట ఇచ్చారు. సిస్టర్స్ ఆఫ్ ది హోలీ ఫ్యామిలీ సంఘం అలా పుట్టింది. సెయింట్ మేరీస్ వాళ్లు పెట్టిన బడే.

చర్చి పక్క గోడ బయట పెద్ద ఇనుప శిలువ ఉంది. ఓడల లంగరు గొలుసులను కలిపి చేసినది. ఒక్కో లంకె నా చేతి మణికట్టంత లావు. తుప్పు పట్టి ఎర్రగా, కొన్నిచోట్ల పొరలు లేచి ఉంది. పెద్ద గొలుసు నుంచి చిన్న సంకెళ్లు వేలాడుతున్నాయి, మణికట్టుకూ చీలమండకూ వేసేవి. తెలియని బానిస సమాధి అని దానికి పేరు. 2004లో నిలబెట్టారు. ఎవరో ఒక సంకెలలో బంతిపువ్వు లాంటి పసుపు పువ్వు దూర్చి వెళ్లారు. మనవరాలు ఒక సంకెలలో తన పిడికిలి పెట్టి చూసింది. పట్టింది. పెద్దవాళ్లకు వేసినదైతే అంత చిన్నగా ఎందుకుంది అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. అదే చెప్పుకుంది.

డెలీల్ 1812 ప్రాంతంలో పుట్టింది. స్వేచ్ఛ ఉన్న నల్లజాతి కుటుంబం. ఆ రోజుల్లో వాళ్లలో అందమైన ఆడపిల్లలను చదివించి, సంగీతం నేర్పి, ధనవంతులైన తెల్లమగవాళ్లకు పెళ్లి లేని భార్యలుగా కుదిర్చేవాళ్లు. ఆమె తల్లి బతుకూ, అమ్మమ్మ బతుకూ అదే. డెలీల్ అది వద్దనుకుంది. లూసియానాలో 1830లో వచ్చిన చట్టం ప్రకారం బానిసకు చదవడం, రాయడం నేర్పితే నెల నుంచి ఏడాది దాకా జైలు. ఆ చట్టం కింద ఉంటూనే ఆమె బానిసలకు మతబోధ చేసింది. ఆమె వీలునామాలో బెట్సీ అనే బానిస పేరు కూడా ఉంది. ఆ కాలపు మరక ఆమెకూ అంటింది. దాచి చెప్పడంలో గౌరవం లేదు. 1862లో, అంతర్యుద్ధం నడుస్తుండగా ఆమె పోయింది. 2010లో పోప్ బెనెడిక్ట్ ఆమెను పూజ్యురాలిగా ప్రకటించాడు.

ఆమె పోయిన ఐదేళ్లకు, బానిసత్వం రద్దయిన రెండేళ్లకు, బడి తెరిచారు. 1881లో సిస్టర్లు ఫ్రెంచ్ క్వార్టర్‌లోని ఆర్లీన్స్ వీధిలో ఒక పెద్ద భవనం కొన్నారు. ఒకప్పటి ఆర్లీన్స్ బాల్‌రూమ్ అది. తల్లులు కూతుళ్లను తీసుకొచ్చి తెల్ల దొరల కంటబడేలా నాట్యాలు ఆడించేవారని ఊరంతా చెప్పుకునే చోటు. అందులో నల్లపిల్లలకు బడి పెట్టారు. 1960ల నడిమి దాకా అక్కడే నడిపారు. ఇప్పుడది ఖరీదైన హోటలు. మేం వెళ్లేసరికి లాబీలో పెళ్లివాళ్ల సందడి. మేడ మీద నాట్యశాల తలుపు తీసి ఉంటే చూశాం. ఎత్తైన కప్పు, షాండ్లియర్లు. ఆ నాట్యశాలను, కూతుళ్లను బేరం పెట్టిన చోటును, కొని దేవుడికి ఇచ్చేసిన సిస్టర్ల తెగువ నాకు గణిత నిరూపణ కన్నా తక్కువగా ఏమీ అనిపించలేదు.

షెఫ్ మెంటూర్ హైవే ఊరికి తూర్పున. అక్కడికి టూరిస్టులు రారు. వెడల్పాటి రోడ్డు, టైర్ల దుకాణాలు, మూతబడ్డ మోటెళ్లు, కట్రీనా తర్వాత మళ్లీ తెరవని షాపింగు సముదాయాలు, వియత్నాం వాళ్ల బేకరీలు. సిస్టర్లు 1965లో బడిని ఇటు మార్చారు. కట్రీనాలో బడి అంతా నీళ్ల పాలైంది. పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఐదు నెలలు తిరక్కుండానే, 2006 జనవరిలో, సెయింట్ మేరీస్, సెయింట్ అగస్టీన్, జేవియర్ ప్రెప్ అనే మూడు నల్లజాతి క్యాథలిక్ బళ్లు కలిసి, మునగకుండా మిగిలిన జేవియర్ ప్రెప్ భవనంలో ఒకే బడిగా మొదలయ్యాయి. మ్యాక్స్ అని దానికి పేరు పెట్టుకున్నారు. ఎప్పుడూ పోటీపడే బళ్ల పిల్లలు ఒకే బెంచీల మీద సర్దుకుని ఆ ఏడాది పూర్తిచేశారు. తర్వాత సెయింట్ మేరీస్ తన చోటికి తాను తిరిగొచ్చి కొత్తగా కట్టుకుంది.

అమెరికాలో బడి లోపలికి ముక్కూమొహం తెలియనివాళ్లను రానివ్వరు. అదే సబబు. రోడ్డవతల బస్టాపులో నిలబడి, బడి వదిలే వేళ చూశాం. కార్లు బారులు తీరాయి. అమ్మమ్మలు, మేనత్తలు కారు దిగి నిలబడి ఉన్నారు. పిల్లలు గుంపులుగా వచ్చారు. ఒక పిల్ల నడుస్తూనే పక్కపిల్లకు ఫోన్లో ఏదో లెక్క చూపించి కొట్లాడుతోంది, వేలితో గాలిలో ఏదో గీసి చూపించింది. ఇద్దరూ కారు తలుపు దగ్గర కూడా ఆపలేదు. లోపలున్న పెద్దావిడ హారన్ కొట్టింది.

ఈ బడి గురించి సీబీఎస్ టీవీ 2024లో చూపించిన కార్యక్రమంలో ఒక మాట వచ్చింది. పదిహేడేళ్లుగా ఇక్కడ చదివిన ప్రతి పిల్లా పాసయింది, ప్రతి పిల్లకూ కాలేజీలో సీటు వచ్చింది. చేరడానికి ప్రవేశ పరీక్ష కూడా లేదు. ఏరి కోరి తెలివైనవాళ్లనే తీసుకుని నూటికి నూరు అని ఫ్లెక్సీలు కట్టే కార్పొరేట్ కాలేజీల మధ్య నుంచి వచ్చినదాన్ని కాబట్టి ఆ మాట దగ్గర ఆగిపోయాను. వచ్చిన పిల్లలందరినీ తీసుకుని అందరినీ దాటించడం ఎంత కష్టమో జిల్లా పరిషత్ బడిలో చెప్పినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అదే కార్యక్రమంలో ఇంకో సంగతీ బయటపడింది. వార్త వచ్చాక, నల్లపిల్లలకు అంత బుర్ర లేదు, వాళ్లు చేసుండరు అని బడికి ఫోన్లు చేసినవాళ్లున్నారట. మెచ్చుకున్నవాళ్లలో కూడా కొందరి గొంతులో అదే ఆశ్చర్యం. అంత వింత ఎందుకైంది అని అడిగితే, నల్లజాతి వాళ్లం, ఆడపిల్లలం, చిన్నవాళ్లం కదా అని నెకియా చెప్పింది. నాకు ఆ ఆశ్చర్యం మీద కోపం వచ్చింది. మన దగ్గర వాడల నుంచి వచ్చిన పిల్ల ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకుంటే "ఎలా వచ్చిందబ్బా" అనే గొంతు నాకు బాగా తెలుసు. ఆ గొంతు స్టాఫ్ రూముల్లో కూడా వినబడుతుంది.

ఆ ఇద్దరినీ మేధావులని పిలిస్తే వాళ్లు ఒప్పుకోలేదు. అందులో వినయం కన్నా నిజం ఎక్కువ. మేధావులంటే బడికి ఇందులో పనేమీ లేదన్నట్టే. కాని ఇక్కడ పని చేసింది బడే. ఎవరూ సాధించరనుకున్న ప్రశ్నను కూడా పిల్లల ముందు పెట్టిన టీచరు, తమలో ఎవరైనా చేయొచ్చని నమ్మే పిల్లలు, కాగితాలు చూసి పక్కన పడేయకుండా సదస్సుకు పంపిన పెద్దాయన. ఈ మూడూ ఒక్కరోజులో రావు. ఈ బడికి వాటి వెనక నూట యాభై ఏళ్లకు పైగా ఉంది.

తిరిగొచ్చే దారిలో హైవే మీద నుంచి పచ్చటి కప్పులున్న భవనాలు కనబడ్డాయి. జేవియర్ యూనివర్సిటీ. దేశంలోని చారిత్రక నల్లజాతి విశ్వవిద్యాలయాల్లో క్యాథలిక్ సంస్థ ఇదొక్కటే. సెయింట్ క్యాథరీన్ డ్రెక్సెల్ తన వారసత్వపు ఆస్తిని నల్లవాళ్ల, ఆదివాసుల చదువులకు పోసేసిన మనిషి, ఆమె పెట్టిందే ఇది. నెకియా అక్కడ ఫార్మసీ చదవడానికి చేరింది. కాల్సియా లూసియానా స్టేట్ యూనివర్సిటీలో పర్యావరణ ఇంజనీరింగుకు వెళ్లింది. ఇద్దరూ గణితం వృత్తిగా తీసుకోలేదని కొందరు బాధపడ్డారు. నాకు బాధ లేదు. లెక్క ఒకసారి తన చేతిలో విప్పుకున్న పిల్ల మందులు చేసినా, నీటి కాలుష్యం కొలిచినా ఆ చెయ్యి మరిచిపోదు. పైగా గట్లు తెగి మునిగిన ఊరికి పర్యావరణ ఇంజనీరు అవసరం ఎంతుందో ఆ సరస్సు దాటి వచ్చాక నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అట్లాంటా వెళ్లే రైల్లో మనవరాలు వ్యాసం చివరి పేజీలు తీసింది. వదిలేసిన ఐదింటిలో ఒకటైనా పట్టుకుంటానని మొండికేసింది. కోణాలు రాసి కొట్టేస్తూ బర్మింగ్‌హామ్ దాకా వచ్చింది. దొరకలేదు. ఇంటికెళ్లాక చూస్తానంది.

నేను ఆ సమయంలో ఉత్తరం రాశాను, నేను చివర పనిచేసిన బడిలో ఇప్పుడు లెక్కలు చెప్పే అమ్మాయికి. తను నా దగ్గరే చదువుకుంది. డిసెంబరు 22న రామానుజన్ పుట్టినరోజుకు బడిలో గణిత దినోత్సవం చేస్తారు. క్విజ్ పెడతారు, రంగోలీలు వేయిస్తారు, ఎవరో ఒక అతిథి వచ్చి మాట్లాడతాడు. ఈసారి ప్రశ్నపత్రం చివర ఒక ప్రశ్న చేర్చమని రాశాను. మార్కులు వద్దు, గడువు సంక్రాంతి సెలవులు అయ్యేదాకా, బహుమతి డబ్బు నేనిస్తాను. జవాబులు తప్పినా సరే ప్రతి కాగితం నాకు స్కాన్ చేసి పంపమన్నాను. ప్రశ్న ఇదీ: లంబకోణ త్రిభుజంలో భుజాల వర్గాల మొత్తం కర్ణం వర్గానికి సమానమని మీ పాఠ్యపుస్తకంలో లేని పద్ధతిలో నిరూపించండి. ఎన్ని కాగితాలైనా వాడుకోవచ్చు.